బ్రామా యంత్రము – తోలు వలయము

ఎండ కాయునప్పుడు మడచి వెనుకకు చేర్చి, వాన కురియునప్పుడు మరల తలపైకి లాగుకొనదగిన గుడ్డ టాపు గల కార్లు పాశ్చాత్య దేశములలో బహుకాలమునుండి వాడుకలో నున్నవి. మొదట ఈ టాపును చేతులతోనే ఎత్తుచు దించుచుండిరి. తరువాత ఆ పనిని యంత్రమునకు అప్పగించిరి. అమెరికాలో 1956వ సంవత్సరపు షెవ్రొలే కార్వెట్ అను రెండు సీట్ల స్పోర్ట్సు కారును కొనువారు అదనపు ధర చెల్లించినచో ఇట్టి యంత్రపు టాపు లభించెడిది. బొత్తాము నొక్కగానే విద్యుత్ మోటారు ఒక చిన్న పంపును త్రిప్పును. పంపు ద్రవమును గొట్టముల గుండ ఇరుప్రక్కల నున్న సిలిండర్లలోనికి త్రోయును. సిలిండర్లలోని ఉక్కు కడ్డీలు కదలి టాపు చట్రమును లేవనెత్తును.

అట్టి కారు కొన్ని దశాబ్దములు గడచిన పిదప మరమ్మతు కొట్టమునకు వచ్చును. మోటారు గుఱ్ఱుమని తిరుగుచునే యుండును. టాపు మాత్రము సగము లేచి ఆగిపోవును. లేదా ఒక ప్రక్క లేచి, రెండవ ప్రక్క వెనుకబడి, చట్రము వంకర తిరుగును. అనుభవము గల మెకానిక్ వెంటనే మోటారును విప్పడు. ద్రవపు తొట్టిలో మట్టము చూచును. పిదప ఉక్కు కడ్డీ సిలిండరులోనికి ప్రవేశించు చోట వ్రేలుంచి తడవి చూచును. వ్రేలికి తడి అంటినచో రోగమేదో తెలిసినట్లే. కడ్డీని చుట్టియుండి ద్రవమును బయటికి పోనీయక ఆపవలసిన చిన్న వలయము అరిగినది. మోటారు బలమునకు లోపము లేదు, పంపునకు లోపము లేదు. ఆ బలమును నిలిపి ఉంచవలసిన వలయమునకే లోపము కలిగినది.

ఆ వలయము వెనుక రెండు శతాబ్దములకు పైబడిన కథ యొకటి కలదు. అది జోసెఫ్ బ్రామా కథ. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చదివినవారికి ఈ పేరు క్రొత్త కాదు. పాస్కల్ సూత్రము చెప్పిన వెంటనే నల్లబల్లపై బ్రామా యంత్రపు బొమ్మ గీయుట ఉపాధ్యాయులకు పరిపాటి. ఒక సన్నని సిలిండరు, ఒక వెడల్పు సిలిండరు, రెండింటిని కలుపు గొట్టము – ఇంతటితో బొమ్మ ముగియును. కాని బ్రామాకు నిజమైన చిక్కు ఆ బొమ్మ ముగిసిన చోటనే ప్రారంభమయ్యెను.

ఇంగ్లాండు దేశమున యార్క్‌షైర్ మండలములో బార్న్‌స్లీ పట్టణమునకు సమీపమున స్టెయిన్‌బరో అను గ్రామము కలదు. 1748లో అచ్చటి ఒక రైతు ఇంట జోసెఫ్ జన్మించెను. వ్యవసాయ కుటుంబములలో పిల్లలు నడక నేర్చిన నాటినుండి పొలము పనికి అలవాటు పడుదురు. జోసెఫ్ కూడ సిల్క్‌స్టన్ గ్రామపు బడిలో కొంత చదివి, తండ్రితో పాటు నాగలి పట్టవలసిన వాడే. చిన్ననాటనే కొయ్యపై అతనికి మక్కువ ఎక్కువ. ఊరి కమ్మరి చేసియిచ్చిన పనిముట్లతో దుంగను తొలిచి వాద్యములు చెక్కెనని చరిత్రకారులు వ్రాసిరి.

పదునారవ యేట అతని కాలికి గట్టి దెబ్బ తగిలెను. కుంటికాలితో దుక్కి దున్నుట సాధ్యము కాదు. ఆ కాలమున రైతు బిడ్డకు ఇంతకు మించిన ఆపద లేదు. కాని ఆ ఆపదయే అతనికి దారి చూపెను. తండ్రి అతనిని ఊరిలోని వడ్రంగి యొద్ద శిష్యునిగా చేర్చెను. శిష్యరికము ముగిసిన పిదప ఆ యువకుడు పని వెదకికొనుచు కాలినడకన లండను నగరమునకు పోయెను. అక్కడ బల్లలు, బీరువాలు చేయు పనివారితో చేరి జీవనము సాగించెను.

ఆ రోజులలో లండనులోని సంపన్నుల ఇండ్లలో నీటితో శుభ్రపడు మరుగుదొడ్లు అప్పుడప్పుడే వాడుకలోనికి వచ్చుచుండెను. వానిని అమర్చు పని బ్రామాకు లభించెను. పని చేయుచు అతడు వాని లోపములను గమనించెను. అడుగున నున్న కవాటము సరిగా మూసికొనదు. చలికాలమున నీరు గడ్డకట్టి అది కదలదు. బ్రామా కీలుపై తిరుగు క్రొత్త మూతను కల్పించి 1778లో పేటెంటు పొందెను. సెయింట్ గైల్స్ పేటలోని డెన్మార్క్ వీధిలో సొంత కర్మశాల నెలకొల్పి వానిని తయారు చేయ నారంభించెను. మరుగుదొడ్డి యేమి గొప్ప ఆవిష్కరణమని నవ్వదగదు. నీటిని పోవలసిన వేళ పోనిచ్చి, ఆగవలసిన వేళ ఒక్క బొట్టు కూడ జారనీయక ఆపుట అను సమస్యతో బ్రామా మొదటి పరిచయము అక్కడనే జరిగినది. ఆ సమస్య జీవితాంతము అతనిని విడువలేదు.

అతని రెండవ ప్రయత్నము తాళము. నగరములో దొంగలు పెరిగిన కాలమది. అప్పటి తాళములను కాస్త నేర్పు గల దొంగ వంచిన తీగతోనే తెరవగలిగెడివాడు. 1784లో బ్రామా క్రొత్త విధమైన తాళమునకు పేటెంటు పొందెను. దాని చెవి చిన్న గొట్టము వలె గుండ్రముగ నుండును. ఆ గొట్టపు కొనయందు వేర్వేరు లోతులు గల గాళ్లు కోయబడి యుండును. చెవిని లోనికి నొక్కినపుడు ఒక్కొక్క గాడి ఒక్కొక్క లోహపు పలకను తనకు తగినంత దూరము త్రోయును. పలకలన్నియు ఏకకాలమున తమ తమ స్థానములకు చేరిననే తాళము తిరుగును. ఒక్కటి వెండ్రుకవాసి తప్పినను తిరుగదు.

ఇక్కడనే చిక్కు వచ్చెను. ఊహలో తాళము అభేద్యము; చేతిపనిలో మాత్రము అసాధ్యప్రాయము. ఆకురాయితో రాచి ఇంత సూక్ష్మముగ పలకలను చేయగల పనివారు లండనులో అరుదు. ఒక తాళమునకే ఎంతో కాలము పట్టుటచే ధర కొనువారికి అందరానిదయ్యెను. ఇట్లు బ్రామా విచారగ్రస్తుడై యున్నప్పుడు వూలిచ్ ఆయుధశాలలోని ఒక యువకుని నేర్పును గూర్చి అతని చెవిన పడెను. ఆ యువకుని పేరు హెన్రీ మాడ్‌స్లే. వయస్సు పదునెనిమిది. అది 1789వ సంవత్సరము.

మాడ్‌స్లేను చూచి బ్రామా సందేహించెను. మీసము మొలవని పిల్లవాడు; పైగా ఏడేండ్ల శిష్యరికము పూర్తి చేసినవాడు కాడు. శిష్యరికము లేనివానిని తమతో సమముగ నిలుపుటకు తక్కిన పనివారు అంగీకరింతురో లేదో తెలియదు. మాడ్‌స్లేయే ఒక ఉపాయము చెప్పెను. కర్మశాలలో బల్లకు బిగించిన పాత వైసు ఒకటి పండ్లు అరిగి పనికిరాక పడియుండెను. సాయంకాలము ఆరు గంటలలోగా దానిని క్రొత్తదానివలె చేయగలిగినచో తనను చేర్చుకొనవచ్చునని అతడు కోరెను. ఉక్కు దవడలకు క్రొత్త పండ్లు కోసి, కాల్చి గట్టిపరచి, మెరుగుపెట్టి గడువునకు ముందే పని ముగించెను. పనివారు వచ్చి చూచి మారుమాటాడలేదు. ఒక పాత వస్తువును బాగుచేయుటయే ఆ యువకునకు యోగ్యతాపత్రమైనది. కొలది కాలమునకే అతడు కర్మశాలకు పెద్ద మేస్త్రీ అయ్యెను.

మాడ్‌స్లే తాళముల పలకలను చేతితో రాచుట మాన్పించి, వానిని కోయుటకు యంత్రములను నిర్మించెను. పనివాని చేయి వణకినను పనిముట్టు వణకకుండునట్లు దానిని గట్టి చట్రమునందు బిగించి నడిపించుట అతని పద్ధతి. ఈ పద్ధతియే తరువాత యంత్రయుగమునకు పునాది యయ్యెను. 1790 నాటికి తయారైన ఒక పెద్ద తాళమును బ్రామా పికడిలీ వీధిలోని తన అంగడి కిటికీలో ప్రదర్శనకు పెట్టించెను. దొంగచెవితో దానిని తెరవగల పనిముట్టు చేసినవారికి 200 గినీలు బహుమానమని ప్రకటించెను. బ్రామా జీవించియుండగా ఎవరును ఆ బహుమానము పుచ్చుకొనలేకపోయిరి.

ఆ పిదప 1795లో బ్రామా తన పేరును చిరస్థాయిగా నిలిపిన ఆవిష్కరణమునకు పేటెంటు పొందెను. అదియే జలపీడన యంత్రము. దాని మూలసూత్రము అతనిది కాదు. ఫ్రెంచి మేధావి బ్లేజ్ పాస్కల్ దానిని ఎన్నడో కనుగొనెను. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట పీడనము కలిగించినచో అది తగ్గక అన్ని దిక్కులకు సమముగ ప్రసరించునని పాస్కల్ తెలిపెను. అతడు మరణించిన మరుసటి యేడు, అనగా 1663లో, ఈ విషయమును తెలుపు గ్రంథము అచ్చయ్యెను. అది మొదలు నూట ముప్పది యేండ్లకు పైగా ఆ సత్యము పండితుల గ్రంథములలోనే నిలిచిపోయెను.

సూత్రము చూచుటకు సులభము. చిన్న ముషలకము వ్యాసము ఒక అంగుళము, పెద్ద ముషలకము వ్యాసము పది అంగుళములు అనుకొన్నచో, పెద్దదాని వైశాల్యము చిన్నదానికి నూరు రెట్లు. చిన్నదానిపై పది పౌనుల బరువుంచినచో పెద్దది వేయి పౌనుల బలముతో లేచును. అయితే ప్రకృతి ఊరక ఏమియు ఇయ్యదు. పెద్ద ముషలకము ఒక్క అంగుళము లేవవలెనన్న చిన్నది నూరు అంగుళములు దిగవలెను. బలమున లభించిన లాభమును దూరమున చెల్లించవలెను. అందుచేతనే చిన్న పంపును మాటిమాటికి కొట్టవలెను. కారు టాపు మెల్లమెల్లగా లేచుటకు కారణమిదియే. చిన్న పంపు కొంచెము కొంచెముగా పంపు ద్రవముతో సిలిండర్లు నిండవలెను కదా.

ఇంత సులభమైన సూత్రము నూట ముప్పది యేండ్లు నిరుపయోగముగ ఏల యుండెను? కారణము నీరు కారుటయే. సిలిండరునకు, ముషలకమునకు నడుమ వెండ్రుకంత సందున్నను, పీడనము హెచ్చినకొలది నీరు ఆ సందునుండి చిమ్మును. సందును మూయుటకు జనపనార, కొవ్వు మున్నగునవి కూరి పైనుండి గట్టిగ బిగించుట అప్పటి పద్ధతి. చాలినంత బిగింపనిచో నీరు కారును. నీరు కారకుండునంత బిగించినచో ఆ కూరిన పదార్థము ముషలకమును గొంతు పట్టుకొన్నట్లు పట్టుకొనును. అప్పుడు పని ముగిసి పీడనము తగ్గించినను ముషలకము క్రిందికి దిగదు. ఎత్తిన బరువును దింపలేని యంత్రము ఎవరికి కావలెను? బ్రామా ఎన్ని ప్రయత్నములు చేసినను ఈ రెండు దోషములలో ఒకటి మిగులుచునే యుండెను.

దీనికి పరిష్కారము ఒక తోలు ముక్కలో దొరకెను. తోలును వలయముగ కోసి, దాని అంచులు రెండును ఒకే వైపు తిరుగునట్లు పల్లపు గాడివలె మలచి, సిలిండరు మెడయందు చెక్కిన చోట అమర్చిరి. గాడి నోరు నీటివైపు ఉండును. నీరు పీడనముతో ఆ గాడిలోనికి దూరి ఒక అంచును ముషలకమునకు, రెండవ అంచును సిలిండరు గోడకు నొక్కును. పీడనము ఎంత హెచ్చిన వలయము అంత బిగియును. పీడనము పోగానే అంచులు సడలి ముషలకము తేలికగ దిగును. అనగా ఏ నీరు బయటికి పారిపోవలెనని ప్రయత్నించునో, ఆ నీరే తన దారిని తాను మూసికొనును. మనిషి చేయి బిగింపవలసిన పని లేదు. సడలింపవలసిన పని లేదు.

ఈ తోలు వలయము ఎవరి ఊహ? యంత్రముపై నున్నది బ్రామా పేరు. కాని ఆ వలయము మాడ్‌స్లే కల్పించినదని, అతని కడపటి దినములలో అతని యొద్ద పని చేసిన జేమ్స్ నాస్మిత్ తెలిపెను. ఆవిరి సుత్తితో ప్రసిద్ధుడైన నాస్మిత్ యంత్రశిల్పము ఎరిగినవాడు గనుక అతని మాటకు చరిత్రకారులు విలువ నిచ్చిరి. ఆ వలయమే లేనిచో బ్రామా పేటెంటు కాగితముపై మిగిలిపోయి యుండెడిదని నాస్మిత్ అభిప్రాయము.

అట్టి పనివానికి లభించిన ప్రతిఫలమేమి? 1797 నాటికి మాడ్‌స్లే ఎనిమిదేండ్లు బ్రామా యొద్ద పని చేసియుండెను. తాళపు యంత్రములు అతనివి. కర్మశాల నిర్వహణ అతనిది. వేతనము మాత్రము వారమునకు 30 షిల్లింగులు. బ్రామా ఇంట పనిచేసిన యువతినే అతడు వివాహమాడెను. సంసారము పెరిగినది, వేతనము పెరుగలేదు. వేతనము కొంత హెచ్చింపుమని అతడు అడిగెను. బ్రామా నిరాకరించెను, ఆ నిరాకరణమున దయ కూడ కానరాలేదని చెప్పుదురు. మాడ్‌స్లే బ్రామాను విడిచి, ఆక్స్‌ఫర్డ్ వీధి సమీపమున సొంతముగ చిన్న కర్మశాల తెరచెను.

వారమునకు కొన్ని షిల్లింగుల కొరకు బ్రామా పోగొట్టుకొన్నదేమో కాలమే తెలిపెను. మాడ్‌స్లే మరలు కోయు లేతును అపూర్వమైన సూక్ష్మతకు తెచ్చెను. మార్క్ బ్రూనెల్ ఊహించిన పోర్ట్స్‌మత్ నౌకాశాల కప్పీ యంత్రములను నిర్మించి ఇచ్చెను. అవి నడచిన పిదప పదిమంది సామాన్యులు, నూట పదిమంది నిపుణులు చేయు పనిని చేయగలిగిరి. జోసెఫ్ విట్‌వర్త్, రిచర్డ్ రాబర్ట్స్, నాస్మిత్ మున్నగు వారు ఆ కర్మశాలలో పని చేసి పేరు గాంచినవారే. బ్రామా కర్మశాల నుండి ఒక మనుష్యుడు వెడలెను. వానితో పాటు ఒక యుగమునకు కావలసిన శక్తి వెడలెను.

బ్రామా కృపణుడని గాని దుష్టుడని గాని తలచుట న్యాయము కాదు. చేతిపనితో పైకి వచ్చినవాడు, అభిమానధనుడు, తనకు సత్యమని తోచినదానిని ఎవరి ఎదుటనైనను చెప్పగలవాడు. 1796లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రపు పేటెంటును అతిక్రమించిరని హార్న్‌బ్లోయర్, మేబర్లీ అనువారిపై వ్యాజ్యము నడిపినపుడు, బ్రామా వాట్‌నకు విరుద్ధముగ సాక్షిగా నిలిచెను. వాట్ అప్పటికి దేశమున మహామాన్యుడు. అయినను బ్రామా జంకలేదు. పేటెంటు కోరువాడు తన ఆవిష్కరణమును మరొక పనివాడు చదివి చేయగలిగినంత స్పష్టముగ వివరింపవలెను. వాట్ అట్లు వివరింపలేదు అనుట అతని వాదము. కోర్టులో తాను చెప్పదలచినదంతయు చెప్పనీయలేదని, 1797లో న్యాయాధిపతికి లేఖారూపమున ఒక చిన్న పుస్తకమునే ప్రకటించెను. తుదకు 1799లో వాట్ పక్షమే గెలిచెను. ఆవిష్కర్త దేనిని తనదిగా చెప్పుకొనవచ్చును, దేనిని చెప్పుకొనరాదు అని ఇంత పట్టుదలతో వాదించినవాని సొంత యంత్రమునందే, ఇతరుని కల్పన పేరు లేక ఇమిడియుండుట విచిత్రము.

మాడ్‌స్లే వెడలిన పిదపను బ్రామా మేధ మందగింపలేదు. 1797లో నేలమాళిగలోని పీపాల నుండి బీరును పై అంగడిలోనికి తోడు పంపునకు పేటెంటు పొందెను. 1802లో కొయ్యను నునుపు చేయు పెద్ద చిత్రిక యంత్రమును కల్పించెను. 1806లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ నోట్లపై సంఖ్యలు వరుసగ అచ్చువేయు యంత్రమును చేసెను. అంతకు ముందు గుమాస్తాలు కూర్చుండి ఆ సంఖ్యలను చేతితో వ్రాయుచుండిరి. ఒక్క ఈకనుండి పెక్కు కలపు పాళీలు కోయు పద్ధతి, సిరా తనలో నింపుకొను కలము 1809 నాటివి. కుంటికాలితో లండను చేరిన రైతు కుమారుడు ఇన్ని రంగములలో కాలు మోపెను.

అతని మరణమునకు అతని యంత్రమే ఒక విధముగ కారణమయ్యెను. 1814లో హాంప్‌షైర్ మండలములోని హోల్ట్ అరణ్యమున చెట్లను వేళ్లతో పెకలించుటకు జలపీడన యంత్రమును వినియోగించిరి. మూడు వందలకు పైగా చెట్లను ఆ యంత్రము ఊడబెరికినదని చెప్పుదురు. అరువది యారేండ్ల బ్రామా చలిలో తానే నిలబడి పని చూచెను. జలుబు పట్టి, అది ఊపిరితిత్తులకు దిగి, డిసెంబరు 9వ తేదీన మరణించెను. పాడింగ్టన్‌లోని సెయింట్ మేరీ దేవాలయ ఆవరణమున అతనిని సమాధి చేసిరి.

మరణానంతరము అతని రెండు గొప్ప కల్పనలకు రెండు పరీక్షలు జరిగెను. 1851లో లండను మహాప్రదర్శనమునకు వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అను అమెరికా తాళముల నిపుణుడు కిటికీలోని తాళముపై పంతము పట్టెను. పదునారు దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి దానిని తెరచి 200 గినీలు గెలిచెను. అరువది యేండ్లు నిలిచిన తాళము అట్లు ఓడెను. కాని అంత శ్రమ పడగల దొంగ ఎవడని జనులు అనుకొనక మానరు. జలపీడన యంత్రమునకు పరీక్ష అంతకు ముందే, 1849లో జరిగెను. రాబర్ట్ స్టీఫెన్‌సన్ వేల్స్ దేశమున మెనాయ్ జలసంధిపై బ్రిటానియా రైలు వంతెనను కట్టుచు, వేయి టన్నులకు మించిన ఇనుప గొట్టములను ఈ యంత్రములతోనే ఎత్తించెను. ఆగస్టులో ఒక సిలిండరు పగిలెను. గొట్టము లేచినకొలది క్రింద ఊతము పేర్చుచు పోవలెనని స్టీఫెన్‌సన్ ముందే శాసించియుండుటచే అది కొద్ది అంగుళములు మాత్రమే జారి నిలిచెను. బలము ఎంత గొప్పదైనను, ఎత్తిన బరువునకు క్రింద ఊతముండవలెనను పాఠము ఆనాడు ఇంజనీర్లు మరల నేర్చిరి.

ఆ పాఠము పాత కారు టాపును బాగుచేయువానికి కూడ వర్తించును. సిలిండరును విప్పుటకు ముందు టాపు చట్రమును కొయ్యతోనో త్రాటితోనో నిలిపి ఉంచవలెను. ఊతము లేని చట్రము క్రింద చేయి పెట్టరాదు. పిదప గొట్టములను విడదీసి, సిలిండరును బయటికి తీసి, పాత వలయమును చూచినచో దాని అంచులు ఎండి బీటలు వారి యుండును. ఇప్పుడది తోలు కాదు, రబ్బరు. కాని పెక్కింటి రూపము నాటి పల్లపు గాడి రూపమే. నోరు పీడనము వైపే. తిరుగవేసి అమర్చినచో ఆగవలసిన ద్రవము ఆగదు. కడ్డీపై గీతలు గాని తుప్పు గుంటలు గాని ఉన్నచో క్రొత్త వలయము కొలది దినములలోనే తెగిపోవును. కనుక వలయముతో పాటు కడ్డీని చూడవలెను. గొట్టములు పెళుసెక్కియున్నచో వానిని మార్చవలెను. కారు చేసినవారు చెప్పిన ద్రవమునే పోయవలెను. ఒకదానికి బదులు మరొకటి పోసినచో రబ్బరు ఉబ్బి చెడును. తుదకు టాపును పలుమారు ఎత్తి దించి గొట్టములలో చిక్కిన గాలిని వెడలగొట్టవలెను. ద్రవము నొక్కుడునకు లొంగదు, గాలి లొంగును; గాలి మిగిలినచో బలము దానిని నొక్కుటకే వ్యయమై టాపు వణకుచు లేచును.

ఇన్ని జాగ్రత్తల ఫలితము ఒక్కటే: లోపలి బలము లోపలనే నిలుచును. బ్రామా యంత్రము నాటినుండి నేటివరకు ప్రపంచమంతట వ్యాపించినది. పత్తి బేళ్లను బిగించు చోట, లోహమును వంచు చోట, బరువులను ఎత్తు చోట, రెండు సీట్ల కారు వెనుక దాగిన సిలిండరులో – ఎక్కడ చూచినను అదే సూత్రము, అదే వలయము. సూత్రమును పాస్కల్ ఇచ్చెను. దానిని పనికి దింపవలెనను సంకల్పము, ధైర్యము బ్రామావి. అది నిజముగ పనిచేయుటకు కావలసిన వలయమును ఇచ్చినవాడు, నాస్మిత్ మాటను బట్టి, వారమునకు 30 షిల్లింగుల మేస్త్రీ.

నల్లబల్లపై బ్రామా యంత్రపు బొమ్మ గీయు ఉపాధ్యాయుడు, పెద్ద సిలిండరు మెడ యొద్ద చిన్న వలయమును కూడ గీసి, దాని ప్రక్క మాడ్‌స్లే పేరు వ్రాసినచో పాఠము పూర్తియగును. పీడనము హెచ్చినపుడు బిగిసి, తగ్గినపుడు సడలు ఆ వలయపు గుణము బ్రామా కర్మశాలలో ఇనుమునకు అబ్బినది గాని, యజమానికి అబ్బలేదు. పనివాడు అడిగిన వేళ అతడు సడలలేదు. ఆ ఒక్క బిగింపుచే తన చేతిలోని మిక్కిలి విలువైన వస్తువు జారిపోవుట, జీవితమంతయు ప్రతి సందును మూయుటకు పాటుపడిన ఆ మహాశిల్పి గుర్తింపలేకపోయెను.